ఒకే కలం, మూడు కొలువులు

గోదావరిఖని నుంచి మంథని పోయే బస్సు సెంటినరీ కాలనీ మీదుగా, ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలను పక్కన పెట్టుకుని సాగుతుంది. దారి చివర గోదావరి ఒడ్డున, వేదపండితుల ఊరుగా పేరుపడ్డ మంథని 1957 నుంచి 1977 దాకా ఇరవై ఏళ్లు ఒకే మనిషిని శాసనసభకు పంపింది. ఆయన పాములపర్తి వెంకట నరసింహారావు. మా బొగ్గుబాయిల దగ్గర పీవీ పేరెత్తితే మొదట భూసంస్కరణల మాట వస్తుంది, తరువాత ఆర్థిక సంస్కరణల మాట, ఆపైన ఆయన మౌనం మాట. ఆయన పత్రిక నడిపాడనీ, కథ రాశాడనీ, వెయ్యి పేజీల నవలను ఒక భాషలోంచి మరో భాషలోకి మోసుకుపోయాడనీ తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా దాన్ని రాజకీయ నాయకుడి తీరిక వేళల సరదాగా చూస్తారు. నాకు అది సరదాగా కనిపించదు. పత్రికా రచయితగా, అనువాదకుడిగా, విదేశాంగ మంత్రిగా ఆయన చేసిన పనులను విప్పి పక్కపక్కన పరిస్తే, మూడింటిలోనూ ఒకే చేతివాటం కనిపిస్తుంది. ఆ పనితనాన్ని వివరంగా చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పనివాణ్ని తెలుసుకోవాలంటే ముందు అతని పనిముట్లు చూడాలి. పీవీ పనిముట్లు భాషలు. పదిహేడు భాషలు వచ్చునని లోకం చెప్పుకుంటుంది. ఆ సంఖ్య కంటే అవి ఆయనకు పట్టుబడిన తీరు చూడదగ్గది. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టి, దత్తత మీద కరీంనగర్ జిల్లా వంగరకు వచ్చిన పిల్లవాడికి ఇంట్లో తెలుగు, నిజాం రాజ్యపు బడిలో ఉర్దూ. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువుకు తలుపులు మూసుకుపోయాయి. దాంతో నాగపూర్, పుణె దారి పట్టవలసి వచ్చింది. ఫెర్గూసన్ కాలేజీలో సైన్సు డిగ్రీ, నాగపూర్‌లో లా. ఆ ఊళ్లు ఆయనకు మరాఠీని, హిందీని ఇచ్చాయి. హైదరాబాదు వచ్చి బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ వకీలుగా చేరాక ఇంగ్లీషు, ఉర్దూ రెండూ రోజువారీ పని భాషలయ్యాయి. 1947–48లో నిజాం వ్యతిరేక పోరాటంలో చాందా శిబిరంలో ఉన్నారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పోయే మన రైలు మార్గంలోనే ఉంది.

అంటే ఆయన భాషల్లో చాలావరకు పుస్తకం ముందేసుకుని మొదలుపెట్టినవి కావు. బతుకు ఒక చోటు నుంచి మరో చోటుకు తరిమినప్పుడల్లా ఒక భాష చేతికొచ్చింది. తరువాతి కాలంలో స్పానిష్, ఫ్రెంచి వంటివి పట్టుబట్టి నేర్చుకున్నారు గానీ పునాది మాత్రం సరిహద్దు బతుకే. ఆయన్ని గెలిపించిన ప్రాంతం కూడా సరిహద్దు ప్రాంతమే. ఇప్పటి మంథని నియోజకవర్గంలోనే కాళేశ్వరం ఉంది. ప్రాణహిత, గోదావరి కలిసే ఆ చోట అవతలి ఒడ్డు సిరొంచ, మహారాష్ట్ర. ఇటు తెలుగు మాట్లాడే మనిషి అటు అంగడిలో మరాఠీలో బేరమాడి వస్తాడు. అక్కడివాళ్లకు దుబాసీ పని వింతేమీ కాదు, రోజూ చేసేదే.

ఇక మొదటి కొలువు, పత్రిక. హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన 1948లోనే వరంగల్ నుంచి ‘కాకతీయ పత్రిక’ అనే వారపత్రిక మొదలైంది. పాములపర్తి సదాశివరావు, పీవీ మరో ఇద్దరు మిత్రులతో కలిసి దాన్ని 1955 దాకా నడిపారు. ఈ ఇద్దరి రాతలు ‘జయ–విజయ’ అనే పేర్లతో వచ్చేవి. వారపత్రిక పని బయటికి చిన్నగా కనిపిస్తుంది గానీ, రాసేవాడికి అది గట్టి శిక్షణ. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చే రోజులవి. వాక్యం పొడుగైతే కంపోజింగ్ పెరుగుతుంది, కాగితం పెరుగుతుంది. వారం తిరిగేసరికి పత్రిక బయటికి రావాలి. తన పేరు కింద ఉండదు కాబట్టి పాఠకుడు రచయిత మొహం చూసి మన్నించడు, మాట బాగుంటేనే చదువుతాడు. ఈ మూడో సంగతి పీవీకి జన్మంతా అంటుకుంది. ఆయన వ్యాసాల్లో ఎక్కువ భాగం మారుపేర్లతోనే వచ్చాయి.

ఆ పత్రికలోనే 1949లో ‘విజయ’ పేరుతో ‘గొల్ల రామవ్వ’ కథ వచ్చింది. దాని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పీవీ పనితనమంతా మొలక రూపంలో అందులోనే ఉంది. కథకు ఒక రాత్రి చాలింది. స్థలం ఒక గుడిసె. తుపాకి మోతల మధ్య ముసలి రామవ్వ, వయసులో ఉన్న మనవరాలు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటారు. నిజాం పోలీసులను ఎదిరించి తప్పించుకు వచ్చిన ఓ యువకుడు ఆ గుడిసెలో దూరతాడు. వెనకనే పోలీసులు. రామవ్వ అతని వేషం మార్చి గొల్లవాణ్ని చేసి, మనవరాలి మొగుడని చెప్పి, పోలీసుల కళ్లు కప్పి బతికిస్తుంది. ఇంతే కథ.

ఇప్పుడు దీని కట్టుబడి చూడండి. స్వాతంత్ర్య పోరాటం గురించి కథ రాస్తున్న ఇరవై ఎనిమిదేళ్ల కాంగ్రెస్ కార్యకర్తకు ఉపన్యాసం చేయాలనే ఉబలాటం ఎంత ఉంటుంది! చేతికి చిక్కిన వీరుడు ఎదురుగానే ఉన్నాడు. అతని నోట నాలుగు ఆవేశపు మాటలు పెట్టడం తేలిక. పీవీ కథను అతని చేతుల్లోంచి తీసి ముసలమ్మ చేతుల్లో పెట్టారు. ఆ గుడిసెలో యువకుడి చదువూ ధైర్యమూ పనికిరావు. అతని బట్టలే అతన్ని పట్టిస్తాయి. మొదట అవి ఒంటిమీంచి పోవాలి. తరువాత అతను ఎవరో పోలీసులకు ఒప్పుదల కావాలి. అక్కడ రామవ్వ ఆడిన ఒక్క మాట కథను నిలబెడుతుంది. ముక్కూమొహం తెలియని మగవాణ్ని పెళ్లీడు మనవరాలికి మొగుణ్ని చేయడమంటే ఆ ఇంటి పరువును ఆ రాత్రి పణంగా పెట్టడమే. రచయిత ఈ త్యాగం గొప్పదని ఎక్కడా వ్యాఖ్యానించడు. రామవ్వ పని ఒకదాని తరువాత ఒకటి చేసుకుపోతుంటే చూస్తాడు, చూపిస్తాడు. ఆమె ఎంత పణం పెట్టిందో పాఠకుడు లెక్క కట్టుకోవాలి.

భాష సంగతి కూడా అలాగే. రామవ్వ నోట తెలంగాణ పల్లె మాట, పోలీసుల నోట ఉర్దూ కలిసిన అధికారపు మాట. ఎవరి మాట వాళ్లకు ఉంచి రచయిత పక్కకు తప్పుకున్నాడు. తెలంగాణ మాండలికం అచ్చులో కనిపించడమే అరుదైన కాలంలో ఇది చిన్న నిర్ణయం కాదు. మంథని దగ్గరి పల్లెలోంచి వచ్చిన అల్లం రాజయ్య తరువాతి కాలంలో ఈ ప్రాంతపు రైతుల మాటను, బాయి కార్మికుల మాటను కథల్లోకి తెచ్చి గొప్ప వరస నిలబెట్టారు. ఇద్దరి రాజకీయాలకూ పొత్తు కుదరదు. అయినా పాత్ర మాటను దిద్దకుండా అచ్చుకెక్కించిన రచయితల్లో పీవీని కూడా ముందుగానే లెక్కించాలి. ఈ కథ పక్కన పెట్టి తెలంగాణ కథ చరిత్ర రాయడం అన్యాయం.

రెండో కొలువు అనువాదం. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను పీవీ హిందీలోకి ‘సహస్రఫణ్’గా అనువదించారు. భారతీయ జ్ఞానపీఠ్ దాన్ని 1968లో ప్రచురించింది. అప్పటికి ఆయన రాష్ట్రంలో మంత్రి. 1962 నుంచి న్యాయం, సమాచారం, దేవాదాయం, ఆరోగ్యం వంటి శాఖలు చూసి, విద్యాశాఖకు వచ్చారు. దేవాదాయ శాఖ ఫైళ్లలో గుడి మాన్యాల తగాదాలు చదివిన మనిషే గుడి చుట్టూ అల్లుకున్న సుబ్బన్నపేట కథను ఇంకో భాషలో తిరిగి కట్టాడన్నది నాకు బాగా నచ్చిన సంగతి.

ఆ నవల ఎంత బరువైనదో తెలిస్తే గానీ పని విలువ తెలియదు. విశ్వనాథ దాన్ని 1934లో ఇరవై తొమ్మిది రోజుల్లో చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకుపోయారని ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి పంచుకుంది. నోటితో చెప్పిన నవల కాబట్టి దాని వాక్యానికి ఊపిరి ఎక్కువ. ఒక్కో చోట సంభాషణ వాడుకలో నడుస్తుంది, వెంటనే వర్ణన గ్రాంథికపు ఎత్తుకు లేస్తుంది, అక్కడి నుంచి పురాణ ప్రవచనంలోకి దిగుతుంది. ధర్మానికి గుర్తయిన వేయి పడగల పాముకు ఒక్కొక్క పడగే రాలిపోతూ చివరికి రెండే మిగులుతాయి. ఆ రెండూ దాంపత్యం.

ఇలాంటి నవలను హిందీలోకి తేవడంలో మొదటి ఇబ్బంది వాక్యం కట్టుబడి. తెలుగులో విశేషణం ఎంత పొడుగైనా నామం ముందే నిలుస్తుంది. ‘నిన్న చెరువుగట్టు మీద పాట పాడుతూ కనిపించిన పిల్ల’ అని ఏకబిగిన చెప్పేస్తాం. హిందీ ఇంత బరువును నామం ముందు మోయదు. జో–వహ్ అంటూ వాక్యాన్ని రెండుగా విడదీసి మళ్లీ ముడివేయాలి. విశ్వనాథ వాక్యంలో ఇటువంటి విశేషణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. ప్రతి వాక్యాన్నీ విప్పి, ఏ ముక్క ముందు ఏ ముక్క వెనక అని తేల్చి, తిరిగి బిగించాలి. రెండోది లింగం. తెలుగులో చెట్టుకూ పుట్టకూ ఇంటికీ వాకిలికీ ఆడా మగా తేడా లేదు. హిందీలో ప్రతి వస్తువుకూ లింగముంది, క్రియ దాన్ని అనుసరించి మారాలి. వర్ణన నిండా వస్తువులే ఉన్న నవలలో ఇది అడుగడుగునా తగులుతుంది.

మూడోదే అసలైన ఉచ్చు. విశ్వనాథ తెలుగు నిండా సంస్కృత పదాలు. హిందీలోనూ అవే పదాలు. పైకి చూస్తే అనువాదకుడి పని సగం అయిపోయినట్టే ఉంటుంది. కానీ మన ‘వ్యవసాయం’ హిందీలో వృత్తి, మన ‘సంసారం’ అక్కడ ప్రపంచం, మన ‘అవసరం’ అక్కడ అవకాశం. మాట అచ్చంగా అదే కావడం వల్లే కన్ను జారిపోతుంది. రెండు భాషల్లోనూ పుట్టి పెరిగినంత చనువున్నవాడికి గానీ ఈ దారి క్షేమం కాదు.

నాలుగోది లోకం. గణాచారి, దేవదాసి గిరిక, పాములా జరజరా పొలాల్లో తిరిగే పసిరిక. కాశీలోనో ప్రయాగలోనో కూర్చుని చదివే హిందీ పాఠకుడికి వీళ్లు ఎదురుపడినవాళ్లు కారు. ప్రతి చోటా వివరణ పెడితే నవల పాఠ్యపుస్తకం అవుతుంది, పెట్టకపోతే చిక్కుముడి అవుతుంది. మళ్లీ గొల్ల రామవ్వ రచయితకు ఎదురైన ప్రశ్నే. ఎంత చెప్పాలి, ఎంత పాఠకుడికి వదలాలి? తెలుగు నవలా లోకపు ఈ కొండను దాటించినవాడు పగలంతా శాసనసభలో, సచివాలయంలో గడిపే మంత్రి. ఆ ఓపిక నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మరాఠీ నుంచి తెలుగులోకి చేసిన పని ఇంతకంటే తక్కువ ప్రచారం పొందింది. హరి నారాయణ్ ఆప్టే పందొమ్మిదో శతాబ్దపు చివర రాసిన ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ నవలను పీవీ ‘అబల జీవితం’గా తెచ్చారు, కేంద్ర సాహిత్య అకాడమీ ప్రచురించింది. బాల వితంతువుల గోడును యమున అనే స్త్రీ తన నోటితోనే చెప్పుకునే కథ అది. ఆప్టే అనే మగ రచయిత ఆమె గొంతును తాను ధరించాడు. దాన్ని మరో మగవాడు తెలుగులో ఇంకోసారి ధరించాలి. రామవ్వ నోట మాట పెట్టిన చెయ్యి ఇక్కడ యమునకు అక్కరకొచ్చింది. తన గొంతును వెనక్కి లాక్కుని ఎదుటివారి గొంతుకు చోటివ్వడం పీవీ చేతిలో స్థిరపడిన విద్య.

అదే కాలంలో తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడిగా 1968 నుంచి 1974 దాకా పనిచేశారు. కాలేజీ చదువులు తెలుగులో సాగాలంటే ముందు పుస్తకాలుండాలి, పుస్తకాలకు ముందు పారిభాషిక పదాలుండాలి అన్న వరస తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ అకాడమీ పుస్తకాలు చదివి పోటీ పరీక్షలు గట్టెక్కిన పిల్లలు మా సింగరేణి క్వార్టర్లలో లెక్కలేనంత మంది.

మూడో కొలువు దౌత్యం. 1980 జనవరిలో పీవీ విదేశాంగ మంత్రి అయ్యారు. 1984 దాకా ఒకసారి, 1988–89లో మరోసారి ఆ శాఖ ఆయనదే. పదవుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. ఒక పని నడక మాత్రం వరస తప్పకుండా చూడాలి. 1980 మార్చిలో భారత్ పాలస్తీనా విమోచన సంస్థ కార్యాలయానికి పూర్తి దౌత్య హోదా ఇచ్చింది. 1983 నవంబరులో అలీన దేశాల తరఫున పశ్చిమాసియాకు వెళ్లిన ప్రత్యేక బృందానికి పీవీయే నాయకుడు. ఇలా పాలస్తీనా పక్షాన ఇన్నేళ్లు కూడబెట్టిన నమ్మకం చేతిలో ఉన్న మనిషి ప్రధాని అయ్యాక, 1992 జనవరిలో మొదట యాసర్ అరాఫత్ ఢిల్లీ వచ్చారు. రాయబారులను మార్చుకోవడం భారత్ సొంత నిర్ణయమని ఆయన నోటే వచ్చింది. ఆ తరువాతే, జనవరి 29న, ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించారు. ప్రకటన ముందు వచ్చి అరాఫత్ రాక తరువాత జరిగి ఉంటే అది తెగతెంపుల్లా వినిపించేది. కొన్ని రోజుల వరసలోనే పనితనమంతా ఉంది.

పీవీ హయాంలోని కాగితాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో చైనాతో కుదిరిన ఒప్పందం. భారత్ తరఫున విదేశాంగ సహాయ మంత్రి ఆర్.ఎల్. భాటియా, చైనా తరఫున టాంగ్ జియాషువాన్ సంతకం చేశారు. మొత్తం తొమ్మిది అధికరణాలు. వాక్యాలను కూర్చింది మన విదేశాంగ శాఖ అధికారులు, ఆ కూర్పుకు దన్నుగా నిలబడింది ప్రధాని. వాస్తవాధీన రేఖను రెండు పక్షాలూ గౌరవించాలని మొదటి అధికరణం చెబుతుంది. ఒక పక్షం మనుషులు దాటితే రెండో పక్షం హెచ్చరించాలి, హెచ్చరించగానే వాళ్లు వెనక్కి పోవాలి. రేఖ ఎక్కడుందో అభిప్రాయ భేదమున్న చోట ఇద్దరూ కలిసి పరిశీలించాలి. తరువాతి అధికరణాలు బలగాల తగ్గింపు, సైనిక విన్యాసాల సమాచారం, గగనతల ఉల్లంఘనల సంగతి చూస్తాయి. ఆరో అధికరణం దగ్గరికి వచ్చాక మొత్తం కట్టడం ఎలా నిలిచిందో తెలుస్తుంది. ఈ కాగితంలో ఆ రేఖను ప్రస్తావించినంత మాత్రాన సరిహద్దు వివాదంలో ఎవరి వాదనకూ భంగం లేదని అది చెబుతుంది. అంటే ముప్ఫై ఏళ్ల తగవులో అసలు చిక్కును ముట్టుకోకుండా, దాని చుట్టూ శాంతిని కట్టారు.

బాయిలో దిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. లెవల్, డిప్ గ్యాలరీలు కొట్టుకుంటూ పోయేటప్పుడు మధ్యలో బొగ్గును పిల్లర్లుగా వదిలేస్తారు. తవ్వలేక వదిలింది కాదది, కప్పును మోయడానికి వదిలింది. ఆరో అధికరణంలో చెప్పకుండా వదిలింది కూడా అటువంటి పిల్లరే. ఆ రేఖ మీద 1975 తరువాత ఇరుపక్షాల ఘర్షణలో ప్రాణాలు పోయింది మళ్లీ 2020లో, గల్వాన్‌లోనే. మధ్య కాలమంతా మోసిన కాగితాల్లో ఇది మొదటిది. మరో సంగతి. ఆ ఒప్పందం హిందీ, చైనీస్, ఇంగ్లీషు భాషల్లో రాశారు, మూడు ప్రతులకూ సమాన ప్రామాణ్యం ఇచ్చారు. ఒక భాషలోని మాట ఇంకో భాషలో బరువు మారకుండా నిలవాలన్న పరీక్షను సహస్రఫణ్ అనువాదకుడి కంటే బాగా ఎరిగిన ప్రధాని ఉండటం కష్టం.

ఎవరి నోట ఏ మాట పెట్టాలో తెలిసిన కథకుడు 1994లో మళ్లీ కనిపిస్తాడు. కశ్మీర్ మీద పాకిస్తాన్ జెనీవాలో మానవ హక్కుల కమిషన్ ముందు తీర్మానం పెట్టినప్పుడు, భారత బృందానికి నాయకుడిగా లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు అటల్ బిహారీ వాజ్‌పేయిని పంపారు. సల్మాన్ ఖుర్షీద్, ఫరూఖ్ అబ్దుల్లా వెంట వెళ్లారు. దేశమంతా ఒక్కటేనని ప్రధాని వంద ఉపన్యాసాల్లో చెప్పినా రాని బలం ఆ ఎంపికలో వచ్చింది. చైనా, ఇరాన్ మద్దతు అందక పాకిస్తాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. రామవ్వ చేతికి కథ అప్పగించిన చెయ్యే ఇక్కడ వాజ్‌పేయి చేతికి బృందాన్ని అప్పగించింది.

ఈ పనితనానికి హద్దు లేదని నేను అనను. చెప్పకుండా ఉంచడం కథలో అందం, ఒప్పందంలో బలం. పాలనలో ప్రతిసారీ అలా కాదు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుతున్న గంటల్లో దేశానికి ప్రధాని మాట, చేత రెండూ కావలసి వచ్చాయి. అక్కడ ఆయన మౌనం ఏ కప్పునూ మోయలేదు. ఆ రోజు గురించి ఆయన రాసుకున్న పుస్తకం ఆయన పోయాక 2006లో గానీ బయటికి రాలేదు. రాతలో అంత సమయజ్ఞత ఉన్న మనిషికి ఇది పెద్ద లోటని నా అభిప్రాయం, ఆయన్ని ఎంత గౌరవించినా.

కొత్త పనిముట్టు కనిపిస్తే వదలని గుణం గురించి కూడా చెప్పాలి. ఎనభైల నడుమ, అరవై దాటిన వయసులో, కొడుకు ప్రభాకరరావు పంపిన కంప్యూటరును ముందేసుకుని, మాన్యువల్ చదువుకుంటూ పీవీ వాడకంతో ఆగకుండా బేసిక్, కోబాల్ వంటి ప్రోగ్రామింగ్ భాషల్లో రాయడం నేర్చుకున్నారు. తెలుగు వాక్యాన్ని విప్పి హిందీలో బిగించిన బుర్రకు ఇదీ ఒక వ్యాకరణమే అయి ఉంటుంది. కేంద్ర మంత్రి స్వయంగా కోడ్ రాసిన ఉదాహరణ ఆ రోజుల్లో ఇంకొకటి నేను వినలేదు.

పత్రికా రచయిత కూడా ఆయనలో ఎన్నడూ పడుకోలేదు. 1990 జనవరిలో ‘మెయిన్‌స్ట్రీమ్’ వారపత్రికలో ‘ఒక కాంగ్రెస్ వ్యక్తి’ అనే సంతకంతో రాజీవ్ గాంధీ పాలనను నిలదీసే వ్యాసం వచ్చింది. అది పీవీ రాసిందేనని ఆయన జీవిత చరిత్ర రాసిన వినయ్ సీతాపతి 2016లో వెల్లడించారు. కాకతీయ పత్రికలో ‘విజయ’ సంతకం చేసిన నలభై ఏళ్ల తరువాత అదే ముసుగు, అదే సూటిదనం. చివరికి 1998లో ‘ది ఇన్‌సైడర్’ నవల సొంత పేరుతో వచ్చింది. ఏడు వందలకు పైగా పేజీలు. అప్పుడు కూడా ‘నేను’ అనలేదు. కథానాయకుడు ఆనంద్, రాష్ట్రం పేరు అఫ్రోజాబాద్. భూసంస్కరణలు తలపెట్టిన నాయకుడికి సొంత పార్టీలోనే ఎదురైన గోడలను, 1971 నుంచి 1973 దాకా ముఖ్యమంత్రిగా తాను తలబాదుకున్న గోడలను, ఆనంద్ చేత తడిమించారు. ఆత్మకథ రాసి ఉంటే ప్రతి పేజీకీ ఒక ఖండన వచ్చేది, నవల కాబట్టి పాఠకుడు ముందు చదివాడు, తరువాత పోల్చుకున్నాడు. కల్లూరి భాస్కరం దాన్ని ‘లోపలి మనిషి’గా తెలుగులోకి తెచ్చారు. జన్మంతా ఇతరులను అనువదించిన రచయితకు సొంత భాషలోకి అనువాదం దొరకడం న్యాయంగా ఉంది. నవలగా చూస్తే దాన్ని ఇంకా కోయవలసింది. వారపత్రిక కాలంలో కాగితం నేర్పిన పొదుపు పెద్ద ప్రచురణ సంస్థ చేతిలో సడలిపోయింది. రాజకీయం లోపలి నుంచి ఎలా పనిచేస్తుందో ఇంత వివరంగా చూపిన నవల మన వాళ్లెవరూ రాయలేదన్నదీ నిజమే.

పీవీ 2004 డిసెంబరు 23న కన్నుమూశారు. ఇక్కడ ఆ తారీఖును సింగరేణి ఆవిర్భావ దినంగా జరుపుకుంటాం. 2024లో భారతరత్న ఇచ్చారు. కూడళ్లలో విగ్రహాలున్నాయి, జయంతులు జరుగుతున్నాయి. రచయితకు అసలు గౌరవం చదవడమే. మా ప్రాంతపు బడుల్లో, యూనియన్ ఆఫీసుల పక్కన ఉన్న చిన్న గ్రంథాలయాల్లో ఆయన పుస్తకాలు చేతికందేలా పెట్టాలని గ్రంథాలయాలు నడిపేవారికి నా విన్నపం. చదివేవారికి ఒక మాట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ‘లోపలి మనిషి’ లావు చూసి వెనక్కి తగ్గకండి. ముందు ‘గొల్ల రామవ్వ’ చదవండి, అరగంట చాలు. హిందీ బాగా వచ్చినవాళ్లు ‘వేయిపడగలు’నూ ‘సహస్రఫణ్’నూ పక్కపక్కన తెరిచి ఒక్క అధ్యాయం పోల్చి చూడండి.